గోడకెక్కే ఫొటో

పోచమ్మకు చావంటే భయం లేదు. చచ్చాక గోడకు తగిలించే ఫొటో అంటేనే భయం.

నవ్వకండి. బోరబండలో ఆమె ఇంటికి ఒక్కసారి వెళ్లి, ముందుగదిలో ఉన్న సత్తయ్య ఫొటో చూస్తే ఆ భయం ఎంత న్యాయమైందో మీకే తెలుస్తుంది. సత్తయ్య ఆమె మొగుడు. బతికినన్నాళ్లూ మాదాపూర్ గుట్టల్లో బండలు కొట్టాడు. ఒంటి మీద చేతులు మడిచిన అంగీ, మోకాళ్ల దాకా పంచె, భుజాన ఎర్ర తువ్వాల. చెప్పులు కూడా పండక్కో పబ్బానికో తొడిగేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు గోడ మీద నీలం కోటు వేసుకుని, ఎర్ర టై బిగించుకుని, వెనకాల జలపాతం దూకుతుంటే గులాబీ పూల మధ్య నిలబడి ఉన్నాడు.

ఇది జరిగి పదేళ్లు దాటింది. ముసురు పట్టిన రోజుల్లో జ్వరం వచ్చింది, దవాఖానకు తీసుకుపోయేలోపే మనిషి దక్కలేదు. దినాలకు ఫొటో కావాలన్నారు. ఇల్లంతా గాలిస్తే దొరికింది ఎలక్షన్ కార్డు ఒక్కటే. కొడుకు ఎల్లేశం దాన్ని పట్టుకుని ఏడ్చుకుంటూ సందు చివర ఫొటోల దుకాణానికి పోయాడు. దుకాణం అతను చెడ్డవాడేం కాదు పాపం. "అంగీ మాసినట్టు కనవడ్తున్నదన్నా, కోటు పెట్టనా? మంచిగుంటది" అన్నాడు. ఎల్లేశం తలూపాడు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నవాణ్ని కిరీటం పెట్టనా అని అడిగినా ఊపేవాడే.

దినాల నాడు ఆ ఫొటో తెచ్చి పీట మీద పెట్టారు. శోకాలు తీస్తున్న పోచమ్మ మధ్యలో తలెత్తి చూసి, ఏడుపు ఆపేసి, "గీయనెవలు?" అంది.

అప్పట్నుంచి అదే ఫొటో, అదే గోడ. రోజూ పొద్దున్నే ఊదుబత్తి ముట్టించేటప్పుడు పోచమ్మ మెడ పైకి మాత్రమే చూస్తుంది. దండ పొడుగ్గా కట్టించుకుంటుంది, టై కనపడకుండా. మనవరాలు యశస్విని బళ్లో మా తాత పెద్ద ఆఫీసరని చెప్పి వచ్చిన రోజు మాత్రం ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఆఫీసరా! ఆఫీసర్లు కూసునే బిల్డింగులున్నయే, గా జాగల బండలు పగలగొట్టిండు మీ తాత. పోయి మీ టీచరమ్మకు జెప్పు" అని గదమాయించింది. పిల్ల చెప్పిందో లేదో దేవుడికెరుక.

అలాంటి పోచమ్మకు ఈ మధ్య పక్కింటి బాలమ్మ చావు ఇంకో దెబ్బ కొట్టింది. బాలమ్మ పుల్లలాంటి మనిషి, గాలొస్తే గడప పట్టుకునేది. దినాల నాడు ఫొటోలో చూస్తే ఏముంది? మొహం బాలమ్మది, ఒళ్లు ఎవరో పెద్దింటావిడది. పట్టుచీర, నడుముకు వడ్డాణం, చేతికి పుట్టచెండంత ఉంగరం. పోచమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక నవ్వు దిగి గుబులెక్కింది. రేపు నాకూ ఇదే గతి కదా! నా తలకాయ తీసి ఎవరి మెడ మీద పెడతారో!

"నా ఫొటో నేను దిగుత" అంది ఎల్లేశంతో.

ఎల్లేశం కోకాపేట టవర్లలో లిఫ్టులు బాగుచేస్తాడు. నలభై అంతస్తుల పైన వేలాడుతూ పనిచేసేవాడు ఈ మాటకు హడలిపోయాడు. "బతికుండంగ గోడ ఫొటో ఏందమ్మా? అరిష్టం గాదూ?"

"నేను సచ్చినంక నువ్వు ఏడ్సుకుంట పోతవ్. ఆడు కోటేస్తనంటడు, నువ్వు ఊఁ అంటవ్. నీ తలకాయ ఊపుడు నాకెరుకలేదారా?"

ఎల్లేశం అప్పుడూ తలే ఊపాడు.

పోచమ్మ మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. ఎన్నేళ్లుగా అంటే, మొదట్లో ఆమె చేతి పప్పు తిన్న అమ్మాయిలు ఇప్పుడు పిల్లల్ని బళ్లో దింపి ఆఫీసులకు పోతున్నారు. అంతకుముందు మేస్త్రీల దగ్గర సిమెంటు మాలు మోసింది. వంటపని నీడపట్టున కదా అని ఒప్పుకుంది, పొయ్యి వేడి సంగతి తర్వాత తెలిసింది. నోరు పెద్దది. అన్నం పారేసిన పిల్లను అందరి ముందే దులిపేస్తుంది. అదే పిల్ల ఆఫీసులో ఆలస్యమై వస్తే ఒక గిన్నె మూతపెట్టి దాచి ఉంచుతుంది, ఉంచినట్టు చెప్పదు.

ఆ పిల్లల్లో రసజ్ఞది తణుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోచమ్మ ఉప్మా కలుపుతూ బాలమ్మ వడ్డాణం కథ చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. చివర్లో పోచమ్మ, "నవ్వుతవ్ గని బిడ్డా, నాకైతే మస్తు రంధి వట్టుకున్నది. గాయన పక్కన నేను నా లెక్కనన్న ఉండాలె. ఒక్కలన్న అసలు మనిషి ఉండాలె గదా గోడ మీద?" అనేసరికి ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది.

"మొన్న నా ప్రొఫైల్ ఫొటో కొండాపూర్లో తీయించుకున్నానండీ అమ్మమ్మా. అతను చాలా బాగా తీస్తాడు. ఆదివారం మనిద్దరం వెళ్దాం. ఖర్చు నాదేనండీ" అంది.

ఆదివారం వంట తొందరగా తెమిల్చి ఇద్దరూ ఆటో ఎక్కారు. పోచమ్మ ఆకుపచ్చ నేతచీర కట్టుకుని, నుదుట పావలా కాసంత బొట్టు పెట్టుకుని, ఒళ్లో ఒక బట్ట సంచి పెట్టుకుని కూర్చుంది. అందులో ఏముందంటే చెప్పలేదు.

స్టూడియో మూడో అంతస్తులో ఉంది. ఫొటోలు తీసే అవినాష్ లింగంపల్లి కుర్రాడు. వచ్చేవాళ్లంతా ఐటీ వాళ్లు. చేతులు కట్టుకుని, కొంచెం పక్కకు తిరిగి, అన్నీ తెలిసినట్టు నవ్వి వెళ్లిపోతారు. గోడ మీదికి ఫొటో కావాలని వచ్చిన మనిషి అతనికి మొదటిసారి. అయినా ముఖం చిట్లించలేదు, కుర్చీ వేశాడు.

పోచమ్మ కూర్చోకముందే అసలు పని మొదలుపెట్టింది. "బిడ్డా, ముందుగాల మా ఆయన కోటు తీసెయ్యవస్తదా?"

రసజ్ఞ ముందురోజే బోరబండ వెళ్లి గోడ మీది ఫొటోను ఫోన్లో తీసుకొచ్చింది. అవినాష్ దాన్ని పెద్ద తెర మీద వేసి, దగ్గరికి లాగి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, ఆ ఎలక్షన్ కార్డు ఉందా?"

"యాడిది? ఎటో వోయింది."

"అయితే కష్టమే. మెడ కింది నుంచి అంతా వేరేవాళ్లదే. కోటు తీస్తే దాని కింద ఏం లేదు. నేను అంగీ పెట్టినా, తువ్వాల పెట్టినా, అది ఇంకెవరి ఒళ్లో అయితది. మళ్లా ఇంకో కొత్తాయన వస్తడు మీ ఇంటికి."

పోచమ్మ కాసేపు ఆ తెర వంక చూసింది. కొత్తాయన వద్దు. ఉన్న ఒక్క కొత్తాయనతోనే ఇన్నేళ్లు వేగింది. "సరే తియ్యి. నాదన్న మంచిగ రానీ" అంది.

ఫొటోలో చేతికి ఏదైనా ఉంటే బాగుంటుందని అవినాష్ పక్కగది తలుపు తీశాడు. అబ్బో, అదొక తిరనాళ్ల దుకాణం! పాత నల్ల ఫోను, పూలగొడుగు, గిటారు, పేము కుర్చీ, డాక్టర్లు మెడలో వేసుకునే గొట్టం, అద్దాల్లేని కళ్లజోళ్లు, ఒక మూల దండెం మీద సైజు సైజుకూ నీలం, నల్ల కోట్లు, రంగురంగుల టైలు. పోచమ్మ ఎర్రగడ్డ మార్కెట్లో సొరకాయలు చూసినట్టు ఒక్కోటి తీసి తట్టి చూసింది. లావు పుస్తకం తెరిస్తే లోపల కాగితాల్లేవు, ఉత్త అట్టపెట్టె. ల్యాప్‌టాప్ మూత ఎత్తితే వెలగలేదు.

"ఏందిర నాయనా, అన్నీ ఉత్తయేనా?"

"ఫొటోల కోసమే కదమ్మా. ఎత్తనీకి అలకగుంటయ్."

రసజ్ఞ హాస్టల్ నుంచి తెచ్చిన పెద్ద గంటె బయటికి తీసింది. ఇదైతేనే అమ్మమ్మకు సరిగ్గా సరిపోతుందని ఆ పిల్ల నమ్మకం. "ఇది పట్టుకోండి అమ్మమ్మా! ఇరవయ్యేళ్లుగా మా అందరికీ వండిపెట్టిన చెయ్యి కదండీ."

పోచమ్మ గంటె వంకా పిల్ల వంకా మార్చి మార్చి చూసింది. "ఏమే, సచ్చినంక గూడ వండాల్నా? గోడ మీదికెల్లి ఉప్మా కలపాల్నా? తియ్ అవతల!"

రసజ్ఞ నాలుక కరుచుకుని గంటె తన సంచిలో పెట్టేసింది. పేము కుర్చీలో కూర్చోబెట్టి పక్కన పూలకుండీ పెట్టారు. పోచమ్మ వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టింది. తెర మీద చూసుకుని, "పిల్లనడగ వోయి కూసున్నట్టున్న. ఒద్దు" అంది.

అప్పుడు తన సంచి విప్పింది. లోపల పసుపు రాసిన చిన్న బోనం కుండ. ఏటా ఆషాఢంలో అమ్మవారికని తలకెత్తుకునేదే. కుండ నెత్తిన పెట్టుకోగానే మనిషి మారిపోయింది. పెదాలు బిగిశాయి, కళ్లు ఎక్కడో నిలిచాయి. అవినాష్ గబగబా నాలుగు తీశాడు. బాగున్నాయి, నిజంగానే బాగున్నాయి. పోచమ్మ చూసి చెంపలేసుకుంది. "మంచిగున్నది. కనీ నేను ఏడాదికొక్కపారే గిట్లుంట. మిగిలిన దినాలు తిట్టుకుంట తిరుగుత. గీ ఫొటో సూసి నా మనుమరాలు నన్ను దేవత అనుకుంటది. ఒక ఆఫీసర్‌తోని పడుతున్నది సాలు."

ఇక మిగిలింది ఆకువక్కల సంచి. అది ఫొటోకని తెచ్చుకుంది కాదు, అదెప్పుడూ ఆమె బొడ్లోనే ఉంటుంది. అలసిపోయి, కుర్చీ వదిలేసి, కింద చాప మీద చతికిలబడి, ఆకుకు సున్నం రాసుకుంటూ హాస్టల్ వాచ్‌మన్ మీద ఏదో చెప్పి తానే పకపకా నవ్వింది. అవినాష్ అదాటున ఆ క్షణమే పట్టేశాడు. తెర మీద వేశాడు. ఎర్రటి నోరు, సగం మూసుకున్న కళ్లు, చేతిలో ఆకు, భుజం మీంచి జారిన కొంగు. పోచమ్మ అంటే అదే, అచ్చం అదే.

"ఇదే అమ్మమ్మా! ఇదే!" అని రసజ్ఞ చప్పట్లు కొట్టింది.

పోచమ్మ కూడా సంబరపడింది. పళ్లు జర ఎర్రగున్నయి గానీ ఇది నేనే అంది. ఈ లెక్కన ఎల్లేశం తల ఊపే పని లేదు, దుకాణం అతని కోటుకు పని లేదు. రంధి తీరినట్టే.

"గోడ మీద ఎట్లుంటదో చూద్దాం అమ్మా" అని అవినాష్ ఆ ఫొటోను సత్తయ్య ఫొటో పక్కన పెట్టాడు.

ముగ్గురూ చూశారు.

ఎడమ పక్క కోటూ టైతో ఒక దొర. కుడి పక్క ఆకు నములుతూ నవ్వే ఆడమనిషి. ఆ దొరగారి గేటు ముందు కూరగాయలు అమ్ముకునే ఆమెలాగా ఉంది. తెలియనివాళ్లు వీళ్లిద్దరూ ఆలుమగలంటే నమ్మరు.

పోచమ్మ లేచి తెరకు దగ్గరగా పోయింది. ఇంట్లో దండ ఉంటుంది, ఊదుబత్తి పొగ ఉంటుంది, కోటు మీద కోపం ఉంటుంది. ఇంత పెద్దగా, ఇంత దగ్గరగా ఆ ఫొటోలో సత్తయ్య మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. ఎలక్షన్ కార్డుకు దిగినప్పటి మొహం అది. ఎవరో అటు చూడు, ఇటు చూడు అంటే బిత్తరపోయిన చూపు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు.

"పెండ్లిళ్లకు వోతె గిట్లనే నిలవడ్తుండె" అంది మెల్లగా. "చెప్పులిడిసిన కాడ. లోపట అందరు కుర్చీలల్ల కూసుంటరు గదా, ఈయన పోడు. బంతికి రమ్మని ఎవలు పిలిసినా పోడు. నేను బయటికొచ్చి, 'నడువయ్యా' అని చెయ్యి వట్టుకుంటెనే లోపటికొస్తుండె."

రసజ్ఞ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఇన్నేండ్ల సంది ఈ కోటును తిట్టుకుంటున్న బిడ్డా. లోపలున్న మనిషినే సూడకపోతి. ఆయనకు తెల్వని బట్టలేసి, తెల్వని జాగల నిలవెట్టి వచ్చిండ్రు. ఒక్కడే ఎంత పరేషాన్ అయితుండో! ఇప్పుడు నేను నా చీర, నా ఆకువక్క, నేను మంచిగున్ననని పక్కన కూసుంటె ఇంకింత బెదురుతడు." కొంగుతో ముక్కు గట్టిగా తుడుచుకుంది. తర్వాత అవినాష్ వైపు తిరిగి, ఎప్పుడూ వంటింట్లో అరిచే గొంతుతోనే అరిచింది. "గా నీలి కోటు దే!"

"ఎవరికమ్మా?"

"ఎవరికేంది? నాకే!"

అవినాష్ నోరు తెరిచాడు. రసజ్ఞ మాత్రం అప్పటికే దండెం దగ్గరుంది. మొదటిది భుజాల దగ్గర పట్టలేదు, రెండోది మోకాళ్లు దాటింది, మూడోది సరిగ్గా కుదిరింది. ఆకుపచ్చ చీర మీద నీలం కోటు. కొంగు లోపలికా బయటికా అని కాసేపు తర్జనభర్జన పడి చివరికి బయటికే వేశారు. టై కట్టడం రసజ్ఞకు రాదు, అవినాష్‌కూ పెళ్లిలో ఎవరో కట్టారు తప్ప రాదు. ఫోన్లో వీడియో పెట్టుకుని ఇద్దరూ కలిసి కడుతుంటే పోచమ్మకు గిలిగింత పుట్టింది. "మెల్లగ! మెడకు ఉరేస్తున్నరా ఏంది? గీ ఫొటో ఇయ్యాల్నే గోడకెక్కేటట్టుంది!"

"నవ్వకండి అమ్మమ్మా, ముడి జారిపోతోందండీ!"

అద్దంలో చూసుకుంది. బొట్టు, ముక్కుపుడక, ఎర్రటి పళ్లు, ఎర్రటి టై. తనను చూసి తానే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగేలా లేదు. అవినాష్ కెమెరా వెనక కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వుకో దేనికో అతనికే తెలియాలి. చేతికేమైనా ఇవ్వనా అని అడిగితే ఏమీ వద్దంది. కుడిచెయ్యి మాత్రం కొంచెం పక్కకు చాచి పెట్టింది, సత్తయ్య ఉండే వైపుకు.

"వెనక గా నీళ్లబొమ్మ గూడ పెట్టు బిడ్డా. గులాబీ పూలు గూడ. ఆయన యాడుంటే గాడనే నేను."

వారం తిరక్కుండా ఫొటో కట్టించి వచ్చింది. ఎల్లేశం చూసి మంచం మీద కూలబడ్డాడు. "అమ్మా! కోటు పెడ్తరనే గదా నువ్వు పోయింది!"

"ఆఁ. వాళ్లు పెట్టుడు వేరు, నేను ఏసుకునుడు వేరు."

యశస్విని ఎగిరి గంతేసి, నానమ్మ కూడా ఆఫీసరేనంది. పోచమ్మ ఈసారి గదమాయించలేదు. "ఔ. మీ తాతకు పై ఆఫీసర్ను" అంది.

బతికున్న మనిషి ఫొటో పోయినవాళ్ల పక్కన పెట్టకూడదని కోడలు గొణిగింది. ఆ మాట పోచమ్మకూ తెలుసు, కాదనలేదు. దాన్ని పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టమంది. కానీ మర్నాడు పొద్దున, అందరూ ఎవరి తొందరలో వాళ్లుండగా, తనే మళ్లీ బయటికి తీసింది. స్టూలు ఎక్కి, సత్తయ్య మెడలోని పొడుగు దండను పైకి సవరించి, టై కనపడేలా పెట్టింది. తన ఫొటోను రెండు చేతులా ఎత్తి ఆయన పక్కన ఆనించి పట్టుకుంది. కోటుకు కోటు, నీళ్లకు నీళ్లు, పూలకు పూలు. ఆ చాచిన చెయ్యి ఆయన వైపే ఉంది.

"సూసినవా? ఇగ ఫికర్ జెయ్యకు" అంది ఆయనతో. "చెప్పుల కాడనే ఉండు, నేనొచ్చి లోపటికి తోల్కపోత. కనీ జల్ది చెయ్యకు. హాస్టల్ల ఇడ్లీ పప్పు నానవోసిన, రుబ్బెటోళ్లు లేరు."

ఫొటోను మళ్లీ చీరలో చుట్టి బీరువాలో పెట్టింది. చెప్పులు వేసుకుని మాదాపూర్ ఆటో కోసం గబగబా నడిచింది.